వలల వీధిలో రెండు వందల నేరాలు

మా పద్నాలుగో వార్డును మీరు ఎర్రవార్డు చేశారు. జూలై ఒకటి నుంచి మా వార్డు గేటు పొద్దున్న తొమ్మిదికి గానీ తెరుచుకోవడం లేదు. ఒక్క వలల వీధిలోనే మూడు నెలల్లో రెండు వందల నేరాలు జరిగాయని మీ నవతీరం నగర భద్రతా మండలి ఉత్తర్వులో రాశారు. ఆ నేరాలు చూసిన కళ్ళను తుడిచింది నేను. కాబట్టి వాటి గురించి మాట్లాడే హక్కు మీ అధ్యక్షుడి కన్నా నాకే ఎక్కువ.

నా పేరు గనగళ్ళ నూకరత్నం. గస్తీ యంత్రాల యార్డులో కడుగుడు పని. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువు యార్డు చెత్తబుట్టలో మీరు పారేసిన నివేదికల్లో చదువుకున్నాను. నా రాతలో ఎక్కడైనా కంపు కొడితే అది మీ కాగితాలదే. నేను రోజూ రాసుకునే పుస్తకంలోంచి కొన్ని పేజీలు, ఉన్నవి ఉన్నట్టు, కింద పెడుతున్నాను.

జూన్ 3, సోమవారం

ఆరింటికే ఇరవై ఎనిమిది బొద్దింకలు వరసలో నిలబడ్డాయి. కాగితాల మీద వాటి పేరు గస్తీ యంత్రం. ఆరు కాళ్ళు, నల్లటి వీపు, ముందు రెండు కళ్ళు ఉన్నదాన్ని మా వీధిలో ఇంకేమంటారు? రాత్రంతా ఊరు తిరిగి పొద్దున్న కడిగించుకోవడానికి వస్తాయి. యార్డులో ఒకసారి నాలుగే పడతాయి. మిగతావి యార్డు గేటు బయట వలల వీధి పొడవునా మా గుమ్మాల ముందు నిలబడతాయి.

మేం ఇరవై ఆరుగురం బకెట్లు పట్టుకుని వరస వెంట వెళ్ళి ముందు కళ్ళు తుడుస్తాం. సముద్రపు గాలికి వాటి మీద ఉప్పు పొర వేలితో గీకితే వచ్చేటంత మందంగా ఉంటుంది. కళ్ళయ్యాక లోపలికి తోలి కాళ్ళు, వీపు కడుగుతాం.

వార్డు బోర్డు మీద ఈ రోజు అంకె 131. మూడు నెలల్లో రెండు వందలు నిండితే ఎర్రవార్డు. నిన్న పడ్డవి ఐదు. రోడ్డు మీద వల కుట్టడం: దారికి అడ్డం. కొళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు గొంతు పెంచడం: ప్రజాశాంతికి భంగం. చేపలు ఆరబెట్టడం: దుర్వాసన. రెండేళ్ళ పిల్లవాడు కాలవ పక్కన కూర్చోవడం: అసభ్య ప్రవర్తన. ఐదోది నేను చదవను. చదివితే నవ్వొస్తుంది, నవ్వితే ఆరోది పడుతుంది.

మా అప్ప, అంటే మా అక్క, పైడితల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఆరున్నరకు వార్డు గేటు దాటి మూడో వార్డుకు వెళ్ళింది. రోజూ వెళ్తుంది. ఎనిమిదింటికల్లా అక్కడి వంటగదుల్లో చేప పడాలి.

"ఎర్రవార్డయితే గేటు తొమ్మిదికంట. నిజమేనేటే?" అని అడిగింది.

"నిజమే."

"తొమ్మిదికెల్తే ఆల పిల్లులు కూడా వాసన సూసి మొకం తిప్పుకుంటాయి."

జూన్ 6, గురువారం

కొర్లయ్య మావ పడవ ఇంజను పోయింది. కొత్తది. ఒడ్డు మీద నాలుగు బోల్టులు, కొంచెం నూనె మరక మిగిలాయి.

మూడు వార్డులకు కలిపి ఒక్క మనిషి పోలీసు ఉన్నాడు, హెడ్డు తవిటినాయుడు. కుర్చీలో కూర్చుని తెర చూస్తాడు. మావను వెంటబెట్టుకుని వెళ్ళాను.

"బొద్దింక సూసినాదా?" అని అడిగాడు.

"ఒడ్డుకు బొద్దింకలు రావు కదా బావూ. ఇసకలో కాలు దిగిపోతాదని," అన్నాను.

"అయితే సూడనేదు. అది సూడకపోతే ఇక్కడ ఎక్కదమ్మా."

"ఇంజను పోనాది బావూ," అన్నాడు మావ. "నాను సూపిస్తాను, రా. లేని ఇంజన్ని సూపిస్తాను."

"నువ్వు సూపిస్తే ఎక్కదు మావా. అది సూస్తేనే ఎక్కుతాది. నానేటి సేసేది? అది సెప్తాది, నాను సంతకం ఎడతాను. ముప్పయ్యేళ్ళు లాఠీ తిప్పినోణ్ణి, ఇప్పుడు ఏలు తిప్పుతన్నాను."

వెనక్కి వస్తుంటే మావ దిగులుతో కాండ్రించి రోడ్డు పక్కన ఉమ్మేశాడు. ఎదురుగా వరసలో ఉన్న బొద్దింక కన్ను ఎర్రగా వెలిగింది. బోర్డు మీద 146.

ఇంజను దొంగతనం సున్నా. ఇంజను పోయినవాడి ఉమ్ము ఒకటి. దీన్ని నేరాల లెక్క అంటారట. దీనికి జీతాలున్నాయి, ఫ్యాన్లున్నాయి, ఫ్యాన్ల కింద మనుషులున్నారు.

జూన్ 8, శనివారం

చెత్తబుట్టలో మే నెల నివేదిక దొరికింది. అన్నం తింటూ మూడుసార్లు చదివాను. ఒక్కో వార్డుకు రెండు వరసలు: గస్తీ గంటలు, నేరాలు. గంటలు ఎక్కువున్న చోట నేరాలు ఎక్కువ. తక్కువున్న చోట తక్కువ. దాని కింద ఎవరో గొప్పగా రాశారు: "నేరం ఎక్కడుందో మన గస్తీ అక్కడికే చేరుతోంది."

మా వార్డు గస్తీ గంటలు నగరంలోకెల్లా ఎక్కువ. రెండో స్థానంలో ఉన్న వార్డుకు మూడింతలు. మా దగ్గర గస్తీ ఎవడు తిరిగాడు? నాకు తెలియకుండా ఏ బొద్దింకా ఈ వీధిలో అడుగు పెట్టదు. చాలాసేపటికి వెలిగింది. యార్డు గేటు బయట నీళ్ళ కోసం నిలబడ్డ గంటలను కూడా గస్తీ కింద రాస్తున్నారు. గేటు దాటాకే వాటి కళ్ళు మూతపడతాయి. అప్పటిదాకా పనిలో ఉన్నట్టే.

దానికన్నా పెద్ద విషయం ఇంకొకటుంది. కడుగుడు అయ్యాక ఇవి షెడ్డులో కళ్ళు మూసుకుని ఛార్జింగుకు నిలబడి, సాయంత్రం బయలుదేరతాయి. గాలి ఎదురొస్తుంది. ఊళ్ళోకి చేరేలోపే కళ్ళకు ఉప్పు. ఇక తెల్లవార్లూ రెండు బారల అవతల ఏముందో వాటికి తెలియదు. పొద్దున్న మా గుమ్మం ముందు మేం తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాక, నవతీరంలో వాటికి మొట్టమొదట కనిపించేది వలల వీధి. మూడు గంటలపాటు అదొక్కటే కనిపిస్తుంది. ఊరంతటి మీదా వాటికి మసక చూపు. మా మీద మాత్రం గద్ద చూపు.

ఆ చూపు ఇచ్చింది మేమే. నేనూ రోజూ ఆ కళ్ళు తుడుస్తాను. బాగా తుడుస్తానని పోయిన సంవత్సరం నాకు ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

జూన్ 10, సోమవారం

మేస్త్రీ సన్యాసిరావును పట్టుకున్నాను. అరవై ఏళ్ళ మనిషి. కుర్రతనంలో లారీ క్లీనరు. పొద్దున్నే ముందు అద్దం, లైట్లు తుడిచి, వాటికి పసుపు బొట్టు పెట్టి, ఆ తరవాతే బండి మిగతా ఒంటికి నీళ్ళు కొట్టేవాడట. ఆ అలవాటే బొద్దింకలకూ తెచ్చాడు. ముందు కళ్ళు. శుక్రవారం బొట్టు కూడా పెడతాడు.

"మేస్త్రీ, కళ్ళు ఆఖర్న తుడుద్దుం. లోపలికి తోలినాక."

"ఏటే గుంటా? బండికి ముందు కళ్ళే. గుడ్డి బండిని ముట్టుకోకూడదు."

"ఇది లారీ కాదు. నీ ఇంటి ముందర నిలబడి నీ మీదే రాస్తాది. నిన్న మీ కోడలు ముగ్గు గిన్ని రోడ్డు మీద ఎట్టిందని రాసినాది."

"అది మా కోడలు తప్పే. రోడ్డు మీదెందుకు ఎట్టాల?"

"అయితే ఎర్రవార్డు అయిపోనీ. మా అప్ప గంప నీ నెత్తి మీద ఎడతాను, తొమ్మిదికి నువ్వే ఎల్లి అమ్ము."

మిగతావాళ్ళు నవ్వారు. ఆయన బీడీ నలిపి పారేశాడు. "లోపల తుడిస్తే ఊరికేటైనా నష్టవా?"

"ఏటీ నేదు. సాయంత్రం ఎల్లేటప్పటికి ఎలాగూ కడిగిన కళ్ళే కదా."

ఇంకో బీడీ ముట్టించి, "బొట్టు మాత్రం మానను" అన్నాడు. ఈ రోజు బోర్డు 166. రేపటి నుంచి కళ్ళు ఆఖర్న.

జూన్ 18, మంగళవారం

ఏడు రోజులు. పడ్డవి నాలుగంటే నాలుగు. బోర్డు మీద 170. ఆ నాలుగూ ఆఖరి రోజు చినుకు పడి ఉప్పు కరిగినందువల్ల పడ్డవి.

ఈ వారంలో వలల వీధి మారిందా? మారలేదు. వల రోడ్డు మీదే కుట్టారు. కొళాయి దగ్గర తగువు మొన్న జుట్ల దాకా వెళ్ళింది. పిల్లవాడు అదే కాలవ పక్కన కూర్చున్నాడు. మారింది మా గుడ్డ.

ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నాను కాబట్టి ఇది కూడా రాస్తాను. బొద్దింకలు రాకముందు మా వీధిలో గొలుసులు లాగే ఇద్దరు తిరిగేవారు. వీటి వరస చూశాక రావడం మానేశారు. అది నిజం, కాదనను. వాళ్ళకు ఉప్పు సంగతి తెలియదు కాబట్టి ఈ వారం కూడా రాలేదు. కానీ వాళ్ళు దొంగతనం మానలేదు. ఇప్పుడు పదకొండో వార్డులో లాగుతున్నారు, అక్కడి చుట్టాలు చెప్పారు. బొద్దింక నిలబడ్డ చోట దొంగ నిలబడడు, అంతవరకే దాని గొప్ప. మిగిలింది మేం. పారిపోవడానికి మాకు ఇంకో వీధి లేదు కాబట్టి మా పేర్లు రాసుకుంటుంది.

ఈ రోజు యార్డు గోడకు మండలి వారి కాగితం అంటించారు. "పద్నాలుగో వార్డులో వారం రోజుల్లో నేరాలు పదో వంతుకు పడిపోయాయి. గస్తీ ఫలించింది. ఈ విజయాన్ని నిలబెట్టుకోవడానికి మరో పన్నెండు యంత్రాలు కేటాయిస్తున్నాం."

నేరాలు పెరిగితే మే నెలలో పదహారు పంపారు, పెరిగాయి కాబట్టి. తగ్గితే పన్నెండు పంపుతున్నారు, తగ్గాయి కాబట్టి. ఏం జరిగితే వీళ్ళు తప్పు అని ఒప్పుకుంటారో ఎవరైనా చెప్పండి. నేను వెళ్ళి అడుగుతాను.

జూన్ 20, గురువారం

వెళ్ళి అడిగాను. సెలవు పెట్టి మూడో వార్డులోని మండలి ఆఫీసుకు నడిచాను.

దారిలో ఒక పెద్ద కారు కాలిబాట మీద పడుకుంది. ఇంకో చోట ఒక పెద్దమనిషి డ్రైవరును నడిరోడ్డు మీద చెంపదెబ్బ కొట్టాడు. డ్రైవరు కింద పడ్డ టోపీ తీసుకుని, "సారీ సార్" అన్నాడు. చుట్టూ చూశాను. ఒక్క బొద్దింక లేదు. వార్డు బోర్డు మీద సున్నా. పక్కనే పూలకుండీ.

లెక్కలు చూసే అధికారి పేరు విక్రాంత్. నా వయసే ఉంటుంది. కూర్చోమన్నాడు, అది నిజం. ఉప్పు, వరస, తడిగుడ్డ, అన్నీ చెప్పాను. నవ్వుతూ విన్నాడు.

"చూడమ్మా, డేటాను అలా చదవకూడదు. గస్తీ పెంచాం, నేరం తగ్గింది. కర్వ్ చాలా క్లియర్‌గా ఉంది."

"ఆ పన్నెండూ ఇంకా రాకముందే తగ్గింది సార్. మేం గుడ్డ ఆపాం, తగ్గింది."

నవ్వు ఆగింది. "ఏం ఆపారు?"

"కళ్ళు. వరసలో తుడవడం ఆపాం. లోపల తుడుస్తున్నాం."

"అంటే, విధుల్లో ఉన్న యంత్రాల చూపును కావాలని..."

"చూపు ఊరికి పూర్తిగానే వెళ్తోంది సార్. మా గుమ్మం ముందే లేదు. మీరు ఒక్కసారి వచ్చి చూడండి, ఆరింటికి."

"ఆరింటికా?" అన్నాడు. నేను చెప్పినవాటన్నింటిలో అతనికి నమ్మశక్యం కానిది అదొక్కటే. తరవాత ఏదో రాసుకున్నాడు. నా మాట రాసుకుంటున్నాడనుకుని వలల వీధిలో ఇంటి నంబరుతో సహా చెప్పాను. అంత తెలివి నాది.

జూన్ 22, శనివారం

రాసుకున్నది నా తప్పు. నిన్న ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ఆరింటికి రాలేదు, పది దాటాక వచ్చారు. "కళ్ళ శుభ్రత వరసలోనే, అన్నింటికన్నా ముందు జరగాలి" అని ఉత్తర్వు. మేస్త్రీ అలవాటును నిబంధన చేశారు. ఇన్నాళ్ళూ అది ఒక ముసలి క్లీనరు సెంటిమెంటు. ఇప్పుడు దానికి నంబరుంది, ముద్ర ఉంది. దాటితే ఉద్యోగం పోతుంది.

మేస్త్రీ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నువ్వు సెప్పకుండా ఉంటే సరిపోను కదే, రత్నం."

"నిజం సెప్పినాను మేస్త్రీ."

"నిజం నాకు సెప్పినావు, పని అయ్యింది. ఆడికి సెప్పినావు, సూడు."

కొత్తగా వచ్చిన పన్నెండుతో కలిపి ఈ రోజు వరసలో నలభై. వలల వీధి చాలక మలుపు తిరిగి కొళాయి దాకా నిలబడ్డాయి. నలభై జతల కళ్ళూ నిగనిగలాడేట్టు తుడిచాం. తుడవకముందు బోర్డు 172.

జూన్ 26, బుధవారం

రోజుకు ఆరేడు చొప్పున పడ్డాయి. వీధిలో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. చంటిపిల్లలను మూడు గంటలపాటు లోపలే కట్టడి చేస్తున్నారు. కొర్లయ్య మావ ఉమ్మడానికి ఇంటి వెనక్కి వెళ్తున్నాడు. అయినా పడుతున్నాయి. తలుపు కొంచెం వీధిలోకి తెరుచుకుంటే ఒకటి. ఎంత ఒదిగి బతికినా మనిషి అన్నాక ఎక్కడో ఒక చోట ఉండాలి కదా. ఉంటే చాలు, రాస్తాయి.

పొద్దున్న ఆరు ఇరవైకి అంకె 199. అప్ప గంప ఎత్తుకుని బయటికొచ్చింది. నేను పదిహేడో బొద్దింక దగ్గర ఉన్నాను. దాని కుడికన్ను తుడవడం అప్పుడే అయింది. వరస మలుపు తిరగడంతో వార్డు గేటుకు దారి సన్నమైంది. రెండు యంత్రాల మధ్య గంప పట్టలేదు. గంపను దించి పక్కకు తిరిగి దూరాలని చూసింది. కింద పెట్టి రెండు ఊపిరులు కూడా తీసి ఉండదు.

"అప్పా, ఎత్తు! ఎత్తీ!" అని అరిచాను.

నేను తుడిచిన కన్నే వెలిగింది. దారికి అడ్డం. రెండు వందలు.

దారికి అడ్డంగా నలభై యంత్రాలు నిలబెట్టి, వాటి మధ్య దూరలేక గంప దించిన మనిషి దారికి అడ్డమని రాశారు. దీన్ని కనిపెట్టినవాణ్ణి చూడాలని ఉంది. ముఖం మీద ఏమైనా ఉంటుందా, లేక బోర్డులాగే సున్నా ఉంటుందా?

అప్ప గంప ఎత్తుకుని వెళ్ళి అమ్మి వచ్చింది. వచ్చాక అడిగింది: "నావల్లేనేటే ఊరంతటికీ?"

జూలై 3, బుధవారం

మూడో రోజు. గేటు తొమ్మిదికి తెరిచారు. అప్ప మూడో వార్డు చేరేసరికి తొమ్మిదిన్నర. మొదటి రోజు సగం గంప వెనక్కి తెచ్చింది. నిన్న ముప్పాతిక. ఈ రోజు ఒక వంటమనిషి చెప్పేశాడట, "ఇంక రావద్దులేమ్మా, సూపర్‌మార్కెట్ వాళ్ళు ఏడింటికే పంపుతున్నారు" అని. పదహారేళ్ళ నుంచి ఆమె చేపే తిన్న ఇల్లు అది. మీ అధ్యక్షుడిది.

మా వీధిలో గంప ఎత్తే ఆడవాళ్ళు ముప్పై ఒక్కరు. అందరికీ ఇదే.

మధ్యాహ్నం హెడ్డు తవిటినాయుడు ఇంటికొచ్చాడు. కుర్చీ వదిలి అతను నడవడం నేను చూడటం ఇదే మొదలు.

"మీ అప్పది మాత్రం నాను సంతకం ఎట్టనేదమ్మా," అన్నాడు. "పక్కనెట్టీసినాను. అయినా బోర్డు మీదికి ఎక్కీసినాది. నా సంతకం దానికి అక్కర్నేదని ఇప్పుడే తెలిసినాది."

"ఆ మాట కాగితం మీద రాసిస్తావా బావూ?"

చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. తరవాత కాగితం అడిగాడు. అది దీనికి జతచేశాను.

జూలై 4, గురువారం

ఈ పేజీ మీ కోసమే రాస్తున్నాను.

యార్డుకు పడమటి వైపు ఇంకో గేటుందని నిన్న మేస్త్రీ చెప్పాడు. అది మూడో వార్డులో సాగర విహార్ రోడ్డులోకి తెరుచుకుంటుంది. యార్డు కట్టినప్పుడు వరస అటువైపే ఉండాలని ప్లాను. రోడ్డు తడిసిపోతోందని అక్కడి పెద్దలు ఫిర్యాదు చేస్తే, ఆరేళ్ళ కిందట దానికి తాళం వేసి వరసను మా వైపు తిప్పారు. ఈ పొద్దున్న వెళ్ళి చూశాను. వెడల్పు రోడ్డు. నలభై కాదు, అరవై నిలబడతాయి.

మా డిమాండు ఇది. మా వార్డు మీద వేసిన ఎర్రగుర్తు తీసేసి గేటు ఆరింటికే తెరవాలి. వరసను ఏడు రోజులపాటు సాగర విహార్ రోడ్డు మీద నిలబెట్టాలి. అవే నలభై యంత్రాలు, అవే మూడు గంటలు. కళ్ళు మీ ఉత్తర్వు ప్రకారం ముందే, మీ గుమ్మాల ముందే, నేనే తుడుస్తాను. ఏడో రోజు సాయంత్రం మీ వార్డు బోర్డు ఎంత చూపిస్తే అంత ఒప్పుకుంటాం. అప్పటికీ సున్నా ఉంటే మా వీధిలో నేరగాళ్ళున్నారని నేనే ఊరంతా తిరిగి చెప్తాను. గస్తీ వల్ల నేరం తెలుస్తుందో, గస్తీ ఎక్కడ నిలబడితే అక్కడే నేరం పుడుతుందో, మీ పెద్ద చదువులకు ఇన్నేళ్ళుగా తేలనిది వారంలో తేలిపోతుంది.

దీని మీద మేం ఇరవై ఆరుగురం సంతకాలు పెట్టాం. మేస్త్రీది మొదటి సంతకం. జూలై 8, సోమవారం ఉదయం పది గంటలు గడువు. పది దాటితే గొట్టాలు చుట్టేస్తాం. కడగని యంత్రం మూడో రోజుకు కీళ్ళలో ఉప్పు పట్టి కుంటుతుందని మీకు తెలుసు, మాకు ఇంకా బాగా తెలుసు.

జవాబు కాగితం మీద, పేరుతో, సంతకంతో కావాలి. యంత్రం చేత పంపకండి, తీసుకోను. మనిషిని పంపండి. పద్నాలుగో వార్డు గేటు బయట నిలబడి, అది తెరిచేదాకా ఎండలో ఆగి, లోపలికి రమ్మనండి.

గనగళ్ళ నూకరత్నం
కడుగుడు పని, గస్తీ యంత్రాల యార్డు
వలల వీధి, పద్నాలుగో వార్డు